పుంజు మీద ఊదని నీళ్లు

ఎర్రబోరు రోడ్డు మీద సైకిళ్లకు పంక్చర్లు వేసే సీతయ్య షాపు నిజానికి సీక్రెట్ సర్వీసు బ్రాంచ్ ఆఫీసు. గాలి పంపు మూడుసార్లు కొడితే ఢిల్లీ లైన్లోకి వస్తుంది, నాలుగోసారి కొడితే ట్యూబు పగులుతుంది.

ఏజెంట్ దుర్గేశ్ వచ్చి కోడ్ వర్డ్ చెప్పాడు. "వెనక చక్రం ఏడుస్తాంది."

"బ్రేకేస్తే ఊకుంటది. కూసో," అన్నాడు సీతయ్య. "పొద్దుగాల డాక్టరమ్మ ల్యాబుల సీసా మాయమైంది."

టూల్ బాక్సు మీద కూర్చున్న నెరిసిన జుట్టు మనిషే ఆ డాక్టర్, గంగారత్నం. ఈస్ట్రోజెన్ అనే హార్మోను మీద, దాని పనిలో వేలుపెట్టే కెమికల్స్ మీద జీవితమంతా రీసెర్చ్ చేసింది. పెళ్లిళ్లకు పోలేదు, చావులకు పోలేదు. శబరి నదిలో చేపల కడుపులు కోసి చూస్తూ కూర్చుంది.

"విదేశీ ప్లాస్టిక్ కంపెనీ గొట్టం ఒకటి నదిలోకి ఉండేది," అందామె. "అందులోంచి వచ్చే కెమికల్ కూడా నీలాంటి గూఢచారే బాబూ. ఈస్ట్రోజెన్ వేషం కట్టి ఒంట్లోకి దిగుతుంది. కాపలా ఉన్న కణం సెల్యూట్ కొట్టి గేటు తీస్తుంది. మగచేప కడుపులో గుడ్లు పడుతున్నాయి. నేను నిలదీయగానే గొట్టం పీకేశారు. దాని కింద పట్టిన నీళ్లు ఆ ఒక్క సీసాలోనే ఉన్నాయి. సాయంత్రం విచారణ. సీసా లేకపోతే నేనొక పిచ్చిదాన్ని, నది వాళ్లది."

"మాల్ దోర్నపాల్ సంతల కోడిపందెం కాడికి చేరింది," అన్నాడు సీతయ్య. "పందెం అయిపోంగనే కంపెనీ కారెక్కుతది. పట్టుకున్నోడెవడో మన బిందు చూపిస్తది. జల్దీ పో."

దుర్గేశ్ మోపెడ్‌కు జెట్ ఇంజన్ ఉంది. అతను దారిలో కొట్టిన హారన్ దోర్నపాల్‌కు అతని తర్వాత చేరింది.

అంటించుకున్న మీసం, భుజాన గంచా తువ్వాలు, చంకలో పుంజు. పుంజు తురాయిలో మైక్. బరి దగ్గర సెంటు వాసన పలకరించింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర పట్టుచీర. బిందు.

"పసుపు తలపాగా ముసలోడు," అని చెవిలో చెప్పింది.

పందెం మధ్యలో పుంజుల్ని విడదీశారు. ఆ ముసలాయన, పేరు నంద, తన సీసా ఎత్తి నోటినిండా నీళ్లు పోసుకుని పుంజు మొహం మీద ఫుర్రున ఊదాడు. పుంజుకు అలసట తీర్చే పద్ధతి ఇక్కడ అదే. పందెగాడి నోటి నీళ్లు పడితేనే దానికి మళ్లీ రోషం వస్తుంది.

దొంగిలించిన నీళ్లయితే ఇంత ఇష్టంగా పుక్కిలించడు. బిందు అబద్ధం చెప్పింది.

దుర్గేశ్ చూపు ఎదుటి పందెగాడి మీద పడింది. కొత్త లుంగీ. పుంజు నోరు తెరిచి రొప్పుతుంటే, చంకలో నిండు గాజు సీసా పెట్టుకుని దాన్ని రుమాలుతో తుడుస్తున్నాడు.

"ఏందన్నా, చంకల నీళ్లు పెట్టుకొని పుంజును ఎండబెడ్తున్నవ్?" అన్నాడు దుర్గేశ్ అందరికీ వినపడేలా. "ఊదు."

"నా ఇష్టం."

"నీ ఇష్టమేంది రా," నంద అందుకున్నాడు. "నోటికి తాళమేసినవా?"

"అయితే మీ సీసా ఇలా ఇవ్వండి," అన్నాడు కొత్త లుంగీవాడు.

"పక్కోని నీళ్లు ఊదితే పందెం చెల్లది. ఏ ఊరోనివి నువ్వు?"

జనం మూగారు. కొందరి చేతుల్లో పుంజుకాలికి కట్టే కత్తులున్నాయి. దగ్గరగా చూసి దుర్గేశ్ గుర్తుపట్టాడు. పందెగాడి వేషంలో ఉన్న కంపెనీ సేఫ్టీ ఆఫీసర్ ఉమామహేష్. ఆ నీళ్లు పసిపిల్లలకు కూడా పట్టొచ్చని సాయంత్రం ప్రమాణం చేయాల్సింది ఈయనే.

దుర్గేశ్ పక్కటెముకలకు చల్లగా ఏదో తగిలింది. "కదలకు," అంది బిందు. "ఇది లిప్‌స్టిక్ కాదు."

"రెండు దిక్కులా డ్యూటీనా?"

"వాళ్లు సెంటు కూడా ఇస్తరు."

"ఊదుతవా, కోయాల్నా?" అంటున్నాడు నంద.

ఉమామహేష్ మూత తీసి సీసాను పెదాల దాకా తెచ్చాడు. మళ్లీ దించేశాడు.

"నా వల్ల కాదు," అన్నాడు. "ఇవి మా గొట్టం నీళ్లు. చుక్క కూడా నోట్లో పెట్టను. మా ల్యాబులో మగ ఎలుకలన్నీ గొడ్డుపోయాయి."

దుర్గేశ్ పక్కటెముకల మీద ఒత్తిడి తగ్గింది.

"నన్నుంచిన గెస్ట్‌హౌస్ బోరు ఆ గొట్టం పక్కనే గదా?" అంది బిందు.

"మినరల్ వాటర్ తెప్పించుకోమన్నాను కదా."

"ఎప్పుడన్నవ్ రా?"

లిప్‌స్టిక్ పిస్తోలు అటు తిరిగింది. అది చూసి ఉమామహేష్ సీసాను బరి పక్కనున్న బండకేసి విసిరాడు. దుర్గేశ్ పుంజును వదిలేసి దూకాడు. బండకు బెత్తెడు ముందు సీసా అతని అరచేతిలో పడింది. సగం ఒలికింది, సగం మిగిలింది. లిప్‌స్టిక్ టప్పుమంది. ఉమామహేష్ మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. కంపెనీ కారు డ్రైవర్ మాత్రం రివర్సులోనే జగదల్‌పూర్ దాకా పోయాడట.

సాయంత్రం విచారణలో సగం సీసా బల్లమీద పెట్టారు. పుంజు తురాయిలోని రికార్డింగ్ వినిపించారు. కంపెనీ లాయరు తన ముందున్న మంచినీళ్ల గ్లాసును మెల్లగా పక్కకు జరిపాడు.

బయటికొచ్చాక సీతయ్య అడిగాడు. "ఏందమ్మా, గెల్చి కూడా మొహం అట్ల పెట్టినవ్?"

"జన్మంతా నేను రాసిందాన్ని ఆ ఉమామహేష్ ఒక్క మాటలో చెప్పేశాడు," అంది గంగారత్నం. "కొత్త రీసెర్చ్ పేపర్‌లో నా పక్కన వాడి పేరు కూడా వేయాలి. ఏ జైలుకు పంపుతున్నారో కనుక్కో, సంతకం కావాలి."