నీలిగుడ్డ కట్టిన మేకపిల్ల

"ఈ గుడ్డ కట్టిందెవరు?"

మమత అరుపుకు దొడ్లో మేకలన్నీ తలెత్తాయి. వాటితోపాటు శివకృష్ణ కూడా.

"నేనే. బాగుంది గదా? మా నీలి తెరచాప పీలిక."

శివకృష్ణది చౌటుప్పల్. స్నేహితురాలు పూజతో, ఇంకో ఇద్దరితో కలిసి ఎండాకాలం సెలవుల్లో సాగర్ నీళ్లలో తెరచాప పడవ వేశాడు. మూడు రోజులు బ్రెడ్డు తిని విసిగి, పడవను ఒడ్డున కట్టేసి నలుగురూ ఆటోలో దేవరకొండ చేరారు. పూజ పాత హాస్టల్ రూమ్మేట్ మమత ఇల్లు అక్కడే. ఒక్క పూట ఆగి, స్నానాలు చేసి, కడుపునిండా తిని పోదామని ప్లాను.

మమత బాపు పరశురాములు సుట్టాలొస్తే కాలు నిలవని మనిషి. "దొడ్లకు పోయి ఏది నచ్చిందో సూసుకోండ్రి" అన్నాడు. పిల్లలు అది సరదాకనుకున్నారు. శివకృష్ణకు ఓ మచ్చల పిల్ల నచ్చింది, ముద్దుగా గుడ్డ కట్టాడు. ఆ ఇంట్లో మేక మెడకు గుడ్డ కడితే కోతకు ఎంచుకున్నట్టు.

"బాపు కత్తి నూరుతాండు. దీని తల్లి సచ్చిపోతే నేనే సీసాపాలు పట్టి పెంచిన. ఇంత దొడ్డిల నీకు ఇదే దొరికిందా?"

శివకృష్ణ గతుక్కుమని గుడ్డ విప్పబోయాడు.

"ఆగు! సుట్టం కట్టి సుట్టమే విప్పితే మా బువ్వ వద్దన్నట్టు. బాపు తల ఎత్తుకోలేడు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్లకంటే వాటికే అతను ఎక్కువ భయపడ్డాడు. నేరుగా పరశురాములు దగ్గరికి పోయాడు.

"అంకుల్, నచ్చింది నాకిస్తరా?"

"ఇచ్చినట్టే. ఆడమేకను కొయ్యం గని, సుట్టం మెచ్చినంక కాదంటనా?"

"అయితే బతికున్నదే కావాలె."

కత్తి ఆగింది. "పడవల యాడ కడ్తవు బిడ్డా?"

శివకృష్ణ అంతదూరం ఆలోచించలేదు. వెనకే వచ్చిన మమత అందుకుంది. "మనకే పాలుకు ఇస్తడట బాపూ!"

పాలుకంటే మేక అతనిది, మేపేది వీళ్లు, ఈనిన పిల్లల్లో చెరిసగం. పరశురాములు నవ్వి, కోతకు ఓ మేకపోతు వైపు తిరిగాడు.

ఆ తర్వాత శివకృష్ణ మేకను చూడ్డానికి నెలకోసారి వచ్చాడు. ఆపైన వారానికోసారి.

"ఫోన్ల ఫోటో పెడుతున్న గదా, ఊకె ఎందుకొస్తవు?"

"ఫోటోల మొఖం సరిగ కనిపిస్తలేదు."

ఎవరి మొఖమని మమత అడగలేదు. కానీ ఆదివారం పొద్దున్నే తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

మళ్లీ ఎండాకాలానికి మేక రెండు పిల్లల్ని ఈనింది. పరశురాములు పంపకానికి కూర్చున్నాడు. "తల్లిమేక, ఒక పిల్ల నీవి. తీస్కపో బిడ్డా, మాట మాటే."

మమత తల వంచుకుని మేకకు తాడు కట్టింది. మేక పోతే అతను రావడానికి సాకేముంది? ముడి రెండుసార్లు జారింది.

శివకృష్ణ తాడు అందుకోలేదు. "పంచుడెందుకు మామా? అన్నీ ఒక్క దొడ్లనే ఉంటయ్ గదా."

పరశురాములు మీసం దువ్వాడు. "నిన్నటిదాంక అంకుల్‌ను. మామనెప్పుడైన? పిల్లనడుగు."

"ఇంకా అడుగుతలేడు బాపూ," అంది మమత.

"అడుగుతున్న. నన్ను చేసుకుంటవా?"

మమత చున్నీ అంచు పరపరా చింపి అతని మణికట్టుకు గట్టిగా కట్టింది. "మా ఇంట్ల గుడ్డ కట్టినంక విప్పుడుండదు."

"కోతకా, మేపనీకా?"

"అది నీ నడత సూసి చెప్త."