గుంటలు పడ్డ ఒపాల్

డోరీన్ కాప్ డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. ఒపాల్ రత్నాలు తవ్వే క్వీన్స్‌లాండ్ ఊళ్లో రాళ్లు సానబట్టే మనిషి చేతులు వణికాయంటే మామూలు సంగతి కాదు. ప్రైవేటు డిటెక్టివ్ మ్యూరియల్ టాండీ ఆమెకు టీ పోసిచ్చింది. సహాయకుడు నెవ్ కుర్చీ జరిపాడు.

డోరీన్ రుమాలు విప్పి రాయిని బల్ల మీద పెట్టింది. గోధుమరంగు ఇనుపరాయిలో నీలంగా మెరిసే ఒపాల్ చారలు. దాన్ని సానకిచ్చిన లెస్ బ్రాడీకి జీవితమంతా తవ్వితే దొరికిన మంచి రాయి ఇదొక్కటే. డోరీన్ సాన ముగించి పెట్టెలో పెట్టినప్పుడు అద్దంలా ఉందట. ఆదివారం లెస్ దాన్ని భార్యకు చూపిస్తానని పట్టుకెళ్లాడు. సోమవారం తెచ్చి డోరీన్ షెడ్డులోనే పెట్టాడు. మంగళవారం కొనేవాడి ముందు తెరిస్తే ఒపాల్ చారలన్నీ గుంటలు పడి ఉన్నాయి. డోరీనే చెడగొట్టిందని లెస్ అందరి ముందూ అనేశాడు.

"ఇంక ఈ ఊళ్లో నా చేతికి గులకరాయి కూడా ఎవరూ ఇవ్వరు," అంది డోరీన్. "నిజంగా నేనే పాడుచేశానేమోనని నాకే అనుమానం వస్తోంది."

షెడ్డు రెండో తాళంచెవి పక్కింటి కెల్విన్ దగ్గర ఉంది. అతనూ సానవాడే, పైగా పోటీ. దోషి దొరికాడనుకున్నాడు నెవ్.

కెల్విన్ షెడ్డులో మెరుగు పెట్టే ఉన్ని చక్రం పాలలా తెల్లగా ఉంది. తను ఇనుపరాయి జోలికి పోనని, ఉత్త ఒపాలే సానపడతానని అతను విసుగ్గా చెప్పాడు. మ్యూరియల్ ఆ చక్రాన్ని వేలితో తడిమి బయటికి నడిచింది. లెస్ ఇంటి దగ్గర మాత్రం రాయి ఊసే ఎత్తలేదు. అతని బెల్టు బిళ్లలో పొదిగిన ఒపాల్ చారల ఇనుపరాయిని మెచ్చుకుని, దాని మీద గోరు ఆనించి చూసింది. తన చేతిపనేనని లెస్ పొంగిపోయాడు. నెవ్‌కి బుర్ర తిరిగిపోయింది. రాయి చెడితే బెల్టు చూడటమేమిటి? అయినా ఆమెను నమ్మకుండా ఉండలేడు.

మర్నాడు ఆమె అందర్నీ డోరీన్ షెడ్డుకి పిలిచింది.

"ఒపాల్ మెత్తన, ఇనుపరాయి గట్టి," అని మొదలుపెట్టింది. "డోరీన్ వాడే చెక్క చక్రం మీద రెండూ సమంగా అరుగుతాయి. ఉన్ని చక్రమైతే వంగి, మెత్తనిదాన్నే తినేస్తుంది. డోరీన్ దగ్గర ఉన్ని చక్రమే లేదు. కెల్విన్ దగ్గర ఉంది. కానీ ఇనుపరాయి తగిలిన ఉన్ని గోధుమరంగుకి తిరుగుతుంది, అతనిది తెల్లగా ఉంది. లెస్, నీ బెల్టు రాయికి మెరుగు దేనిమీద పెట్టావయ్యా? దాని చారల్లోనూ గోరు దిగుతోంది."

లెస్ చెయ్యి బెల్టు మీదికి పోయి ఆగిపోయింది.

"ఇంకొంచెం మెరుస్తుందేమో అనుకున్నా," అన్నాడు చివరికి. "తవ్వింది నేను. అందులో నా చెయ్యి కూడా కాస్త ఉండాలనిపించింది. తీరా చూస్తే గుంటలు. కొనేవాడు ఎదురుగా ఉన్నాడు, నోటికొచ్చింది అనేశా. తప్పంతా నాదే డోరీన్. ఊరందరికీ నేనే చెప్తా."

డోరీన్‌కి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రాయిని వెలుగుకెత్తి చూసింది. ఉల్లిపొర మందాన రంగు ఇంకా మిగిలే ఉంది. చెక్క చక్రం మీద మళ్లీ సమం చేస్తే నిలవొచ్చు. ఆమె మోటారు స్విచ్చి వేసింది. చేతులు ఇప్పుడు వణకడం లేదు.

"ముందు ఆ బెల్టు విప్పు," అంది. "చెయ్యి కుదురుకోవాలిగా, ఆ బిళ్ల రాయితో మొదలుపెడతా."