పేటవాగు తేటపడిన ఏడు

అరవై రెండులో, మోత్కూరులో తొలివాన వెలిసిన ఒక పొద్దున, రాజమణి తడి నూలు చేతబట్టుకుని సిద్దిరాములు వాకిట్లోకొచ్చి నిలబడింది. పేటవాగులో జాడించిన తెల్లనూలు నీలంగా తేలింది మరి.

"గీ రంగు ఎవలిది?"

నూలుకు రంగులద్దే సిద్దిరాములు చేతులు మోచేతుల దాకా నీలమే. దాచుకునే జాగా దొరకలేదు.

"మాదే. మంచిగ పట్టింది గద!"

"వాగుల పారబోస్తరా?"

"మోత్కూరంత పోస్తాంది. నేనొక్కణ్నేనా?"

"దొరికింది మాత్రం నువ్వొక్కనివే," అని నవ్వాపుకుంటూ వెళ్లిపోయింది.

ఆ నవ్వు కోసమే మరునాడు వాగొడ్డుకు వెళ్లాడు. అక్కడ నవ్వు లేదు, కంపు ఉంది. రంగునీళ్లు, ఊరి చెత్త కలిసి వాగు కదలడమే మానేసింది. వాగువైపు ఇళ్ల కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

"మా బాపుకు నిద్ర పడ్తలేదు," అంది ఒడ్డున కూర్చున్న రాజమణి. "అమ్మ పోయినంక ఇల్లు కదుల్తలేడు. గీ వాసన, దోమలు. దసరా ఎల్లంగనే షోలాపూర్ మిల్లులకు పోదామంటుండు."

"నీకు పోవాల్నని ఉందా?"

"ఉండుమనేటోళ్లు ఎవలున్నరు?"

అతను తన నీలం చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. తానంటే లెక్కలేదనుకుని ఆమె విసురుగా వెళ్లిపోయింది.

మాట రానివాడు గడ్డపార పట్టాడు. రంగునీళ్లు వాగులోకి పోకుండా తమ పెరట్లో గుంత తవ్వాడు. తర్వాత వాగులో దిగి చెత్త తోడడం మొదలుపెట్టాడు. మగ్గాల వాడంతా నవ్వింది. ఆ నీళ్లు తాగి గొర్రెలు చచ్చిపోయిన ఐలేశం మాత్రం నవ్వలేదు, పార తెచ్చుకుని పక్కన దిగాడు. వారం తిరిగేసరికి ఆడవాళ్లు గంపలు తెచ్చారు, మిగతా రంగులవాళ్లూ తమ పెరళ్లలో గుంతలు తవ్వుకున్నారు. రాజమణీ వచ్చింది. వానలో తడుస్తూ గంప అందుకునేది, ముఖం మాత్రం అటు తిప్పుకునేది.

"పేరు కోసం చేస్తున్నవా?" అందొకసారి.

"ఔ, ఒక్కల నోట్ల నా పేరు ఇందామని."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

భాద్రపదం వానలకు వాగు తేటగా పారింది. కిటికీలు తెరుచుకున్నాయి. పొద్దుగూకితే ముసలివాళ్లు ఒడ్డున చేరి ముచ్చట్లు పెట్టుకునేవారు. మాటల్లేని ఇళ్లవాళ్లూ అక్కడ పలకరించుకునేవారు. ఒక సాయంత్రం రాజమణి తండ్రి గండయ్య కూడా మెల్లగా వచ్చి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు. ఆ రాత్రి చాలా కాలానికి కంటినిండా నిద్రపోయాడు.

అయినా షోలాపూర్ మాట మానలేదు. దసరా మర్నాడు మూటలు కట్టారని తెలిసి సిద్దిరాములు పరుగున వచ్చాడు.

"పెద్దయ్యా, మీరు పోవద్దు."

"ఎందుకురా?"

"వాగు బాగైంది గద..."

తలుపు చాటు నుంచి రాజమణి అడిగింది, "గంతేనా?"

సిద్దిరాములు తలుపు వైపు తిరిగాడు. "కాదు. నువ్వంటే నాకు పానం. నువ్వు లేకుంటె గా వాగు దిక్కు సూడబుద్ధి గాదు."

గండయ్య చాలాసేపు కిటికీలోంచి వాగును చూశాడు.

"మీ అత్త కొత్త పెండ్లికూతురుగ వచ్చిననాడు గా నీళ్లల్లనే కాళ్లు కడుక్కొని గీ ఇంట్ల అడుగువెట్టింది," అన్నాడు. "ఆమెను ఇడిసిపెట్టి యాడికి పోత?"

సిద్దిరాములుకు సగమే అర్థమైంది. "అయితే మీరు పోరా, పెద్దయ్యా?"

"పెద్దయ్య ఏందిరా?" కళ్లు తుడుచుకుంటూ కసిరాడు గండయ్య. "మామా అను!"