ఎడమ చక్రం ఐదు నట్లు

ఆ ఉదయం ఖలీల్‌వాడీలోని డిటెక్టివ్ సుమన ఆఫీసుకు వచ్చిన మెకానిక్ రాజారాం, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“నా దుకాణం మూతబడేటట్టున్నది మేడం. నేను బిగించిన చక్రం ఊడిందని రామ్‌దాస్ పటేల్ సాయంత్రం పోలీసుల దగ్గరికి పోతడట.”

కోటగిరి రైతు రామ్‌దాస్ ఇంట్లో ఆయన తండ్రి కొన్న పాత స్టుడిబేకర్ కారు ఉంది. దాని వెనుక ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే స్టడ్లు, అంటే నట్లు ఎక్కించే ఐదు మరల కడ్డీలు, అరిగిపోతే రాజారాం నట్లతో సహా కొత్తవి వేశాడు. మర్నాడే బోధన్ దారిలో ఆ చక్రం ఊడిపోయింది. కారు చెరకు తోటలోకి దూసుకెళ్లి రామ్‌దాస్ కూతురు సంజన చెయ్యి విరిగింది.

“గట్టిగనే బిగించినవా?” అడిగింది సుమన.

“పానా మీద కాలు పెట్టి మరీ బిగించిన. ఎవరో ఇప్పిండ్రు మేడం.”

“కొత్త స్టడ్లు ఏడికెల్లి తెచ్చినవు?”

“హైదరాబాద్‌లకెల్లి,” అన్నాడు రాజారాం, చూపు పక్కకు తిప్పుకుని.

ఆమె అసిస్టెంటు శ్రావణ్ ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు. సుమన టీ అడిగినా అందులో ఏదో మర్మం ఉందనుకునే రకం అతను.

మధ్యాహ్నానికి ముగ్గురూ కోటగిరి చేరారు. సుమన వెనుక ఎడమ చక్రం ఊడిన చోట వంగి చూసింది. ఒక్క స్టడ్డూ విరగలేదు, మరలూ చెడలేదు. మూడు నట్లు చక్రం మూతలోనే దొరికాయి. ఒక నట్టును కొత్త స్టడ్డుకు పెట్టి కుడివైపు తిప్పితే సాఫీగా ఎక్కింది.

“ముందరి ఎడమ చక్రం నట్టు ఒకటి ఇప్పు,” అంది శ్రావణ్‌తో.

అందరూ విప్పే దిక్కుకే పానా తిప్పాడు శ్రావణ్. చొక్కా తడిసిందే గానీ నట్టు కదల్లేదు. నలభై ఏళ్లుగా ఆ కారు నడుపుతున్న డ్రైవర్ హన్మండ్లు నవ్వాడు.

“అటు తిప్పితే ఇంకా బిగుస్తది బిడ్డా. ఈ కారుకు ఎడమ పక్క మరలు ఉల్టా ఉంటయి.”

సుమన అందరినీ వాకిట్లోకి పిలిచింది. చేతికి కట్టుతో సంజన తండ్రి పక్కన కూర్చుంది.

“చక్రం ఊడిన రోజు పొద్దుగాల దాన్ని ఎవరు ముట్టిండ్రు?”

“నేనే,” అన్నాడు హన్మండ్లు వెంటనే. “యాభై కిలోమీటర్లు నడిచినంక కొత్త స్టడ్లు లోపటికి కూసుంటయి, మళ్ల బిగియ్యమన్నడు రాజారాం. బిగించిన. ఐదు నట్లూ కొంచెం కొంచెం కదిలినయి. మంచిగనే అయింది అనుకున్న.”

“ఎటు తిప్పినవు కాకా?”

“ఎడమకే. ఎప్పుడూ అటే గద.”

“ముందు చక్రానికి అది సరే. వెనుక చక్రానికి కొత్తగ వేసినవి మామూలు మరలవి. అవి కుడికి తిప్పితేనే బిగుస్తయి. నువ్వు బిగిస్తున్న అనుకుని ఐదింటినీ వదులు చేసినవు. పైన మూత పెట్టినంక ఎవరికీ కనబడలే.”

హన్మండ్లు మెట్టు మీద కూలబడ్డాడు. “నా చేతులతోనే ఇప్పిన్నా? పాప కూసున్న బండిని?”

రామ్‌దాస్ ముఖం మాడిపోయింది. “తాళంచెవి ఆడ పెట్టి ఇంటికి పో హన్మండ్లూ. రేపటిసంది రాకు.” హన్మండ్లు తాళంచెవిని పక్కనున్న బల్ల మీద పెట్టాడు.

రాజారాం తప్పించుకున్నట్టే. బిగించానని అతను చెప్పింది అబద్ధం కాదని తేలింది. మరలు మారిన సంగతి ముందే చెప్పాడా అని ఎవరూ అడగలేదు. ఊరుకుంటే దుకాణం దక్కుతుంది. సుమన అతని వంకే చూస్తూ నిలబడింది. ఇంత తెలిసీ ఎందుకు ఆగిందని శ్రావణ్‌కు ప్రాణం కొట్టుకుపోతోంది.

రాజారాం లేచి నిలబడ్డాడు.

“ఆయనను పంపకు పటేలా. పాతవి ఎట్లున్నయో గట్లనే కావాలంటివి. ఉల్టా మరలవి ఏడా దొరకలే. మామూలువి వేసి చెప్పలే. చెప్తే పని వేరేటోళ్లకు ఇస్తవని భయపడ్డ. ఈ తప్పు నాది. పోలీసులకు నా పేరే చెప్పు.”

శ్రావణ్ రాయడం మానేశాడు. అంతసేపూ ఆ మాట కోసమే సుమన ఎదురుచూసిందని అతనికి అప్పుడు అర్థమైంది.

రామ్‌దాస్ కూతురి వైపు తిరిగాడు. “ఇరిగింది నీ చెయ్యి. ఏం జెయ్యమంటవో నువ్వే చెప్పు బిడ్డా.”

సంజన లేచి, బల్ల మీది తాళంచెవిని తీసుకెళ్లి హన్మండ్లు పిడికిట్లో పెట్టింది.

“రాజారామన్నా, ఆ నట్లు ఎటు తిప్పాలనో కాకకు చూపియ్యి. కట్టు ఇప్పించుకునే దినం నేను కాక తోలే బండ్లనే దవాఖానకు పోవాలె.”