దూది పరీక్ష

ప్రేమలత మేడం తెర మీద మూడో ఫోటో పెట్టగానే హాల్లో అందరూ ముందుకు వంగి చూశారు. ఎవరో రైతు తొడ మీద తామర. మామూలు తామరైతే డాక్టర్లు అంతగా వంగి చూడరు. ఇది రెండు అరచేతులంత పెరిగింది. అంచులు ఎర్రగా కందిపోయి, మధ్యలో చర్మం పలచబడి చారలు తేలాయి.

"ఇది ఇంత దాకా ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్తారా?" అంది మేడం.

రెండో వరసలోంచి ఒకమ్మాయి టక్కున లేచింది.

"స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాసిండ్రు మేడం. నాలుగు రోజులు దురద తగ్గుతది, పేషెంట్ ఖుషీ. తామర ఇంకా ఖుషీ. గా క్రీమ్ రాసిచ్చిన మహానుభావుడు ఎవరో గాని, ముందుగాల ఆయనకు పూయాలె, రోజుకు రెండుసార్లు."

హాలంతా గొల్లుమంది. ఆఖరి వరసలో కూర్చున్న డాక్టర్ సాంబమూర్తికి మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ తొడ ఎవరిదో అతనికి తెలుసు. నాట్ల టైములో వచ్చి, "తొందరగా తగ్గించు సారూ, బురదలో నిలబడలేకపోతున్నా" అని బతిమాలితే తనే ఆ క్రీమ్ రాశాడు. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఊరుకోబుద్ధి కాలేదు.

"ఆ మహానుభావుణ్ణి నేనేనండి," అన్నాడు లేచి నిలబడి.

నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఆ అమ్మాయి నాలుక కరుచుకుని, కూర్చోవాలో నిలబడాలో తెలియక సగంలో ఆగింది. ప్రేమలత మేడం మాత్రం కళ్ళజోడు పైకి జరుపుకుని చిన్నగా నవ్వింది.

"మంచిది. మీరు నేర్చుకోవడానికే కదా ఇక్కడికొచ్చింది. ఎంబీబీఎస్‌లో చర్మం గురించి మనకి చెప్పింది పదిహేను రోజులు. ఊళ్ళో ఓపీకి వచ్చే పదిమందిలో ముగ్గురు గోక్కుంటూనే వస్తారు. తప్పు మీ ఒక్కరిదే కాదు, కూర్చోండి."

అలా మొదలైంది బాన్సువాడ పెద్ద దవాఖాన మీటింగ్ హాల్లో ఆరు గురువారాల చర్మవ్యాధుల శిక్షణ. చుట్టుపక్కల పీహెచ్‌సీల డాక్టర్లు పన్నెండు మంది. చెప్పడానికి నిజామాబాద్ నుంచి స్కిన్ స్పెషలిస్ట్ ప్రేమలత మేడం వస్తుంది.

విరామంలో వాన పట్టుకుంది. వరండాలో నిలబడి తుంపర చూస్తున్న సాంబమూర్తి ముందుకి రెండు చాయ్ కప్పులు వచ్చాయి, వాటి వెనకే ఆ అమ్మాయి.

"సారీ చెప్పుడు నాకు చాతకాదు. చాయ్ తాగుండ్రి."

"పర్లేదండి. మీరన్నదాంట్లో తప్పేం లేదు."

"నా పేరు సిరీష. మద్నూర్ దిక్కు పీహెచ్‌సీ. లిస్టుల సాంబమూర్తి అని చూసి, రిటైర్మెంట్‌కు దగ్గరున్న సారేమో అనుకున్న. గిట్ల చిన్నగున్నరేంది?"

"మా తాతగారి పేరండి."

"మాటమాటకు గీ అండి ఏందండి?" అంది అచ్చం అతనిలాగే సాగదీస్తూ.

సాంబమూర్తికి నవ్వొచ్చింది. "మాది బీర్కూర్ అవతల సీతయ్య క్యాంప్. కాలువ కింద భూములు కొనుక్కుని మా ముత్తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చాడు. మూడు తరాలైనా ఈ అండి మాత్రం వదల్లేదండి."

"మాది మహారాష్ట్ర బార్డర్, నా దగ్గర సగం మంది మరాఠీల గోక్కుంటరు. ఆళ్ళకన్న మీరే నయం, సమజైతుండ్రు."

ఆ సాయంత్రమే మేడం పన్నెండు మందినీ జంటలు చేసింది. వారానికి పది కేసులు, పేషెంట్‌ని అడిగి, మొహం పడకుండా ఫోటో తీసి జంటకి పంపాలి. అవతలివాళ్ళు జబ్బేమిటో చెప్పాలి. హాజరు పట్టీలో పక్కపక్కన సంతకాలు పెట్టిన పాపానికి సాంబమూర్తికి సిరీష జత పడింది.

లోకంలో ప్రేమికులు ఒకరికొకరు గులాబీలు పంపుకుంటారు. వీళ్ళు గజ్జి ఫోటోలు పంపుకున్నారు. పొద్దున్నే సిరీష నుంచి వేళ్ళ సందుల్లో పొక్కులు వచ్చేవి. మధ్యాహ్నం సాంబమూర్తి ఒక చుండ్రు తల పంపేవాడు. "తప్పు. మళ్ళ చూడు" అని ఆమె, "మీరే జూమ్ చేసి చూడండి" అని ఇతను. రెండో వారానికి మీరు పోయి నువ్వు వచ్చింది. మూడో వారానికి జబ్బు పేరు ఒక్క లైను, మిగతా కబుర్లు నలభై లైన్లు అయ్యాయి.

ఒకరోజు టిఫిన్ పెడుతూ సాంబమూర్తి వాళ్ళమ్మ నాగేశ్వరమ్మ బల్ల మీది ఫోన్ చూసి ఉలిక్కిపడింది.

"ఎవర్రా ఈ సిరీష? పొద్దున్నే ఇంత గజ్జి పంపించింది?"

"క్లాస్‌మేట్ అమ్మా. చదువు."

"గజ్జి చూసి ఇంతలా మురిసిపోయేవాణ్ణి నిన్నే చూస్తున్నా," అంది నాగేశ్వరమ్మ, ఇంకో ఇడ్లీ వేస్తూ. "వాళ్ళింటికి ఎప్పుడు వెళ్దామో చెప్పు."

ఇడ్లీ గొంతుకి అడ్డం పడింది. ఆవిడకి కావలసిన జవాబు అందులోనే దొరికింది.

నాలుగో గురువారం కుష్ఠు క్లాసు.

"కుష్ఠు పోయిందని అనుకుంటున్నాం. పోలేదు," అంది ప్రేమలత మేడం. "రంగు తగ్గిన మచ్చ కనిపిస్తే పైపూత రాసి పంపకండి, దూదితో తాకి చూడండి. పేషెంట్ కళ్ళు మూసుకుని, మీరు తాకిన చోట వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే అక్కడ స్పర్శ పోయిందన్నమాట. ముందు మీ జంట మీదే ప్రాక్టీస్ చెయ్యండి."

సాంబమూర్తి కుడిచేతి చొక్కా మడిచి కళ్ళు మూసుకున్నాడు. సిరీష దూదిని సన్నగా పేని, మణికట్టు మీద తాకించింది. వేలు పెట్టాడు. మోచేతి దగ్గర తాకించింది. పెట్టాడు. అరచేతి మధ్యలో, చూపుడువేలి కొసన. ఒక్కటీ తప్పలేదు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ తగల్లేదు.

"ఇప్పుడు తాకలేదు," అన్నాడు.

"మరి ఎందుకు నవ్వుతున్నవ్?"

"తాకుతావేమోనని."

ఆమె గాజులు గల్లుమని వెనక్కి జరిగాయి. కళ్ళు మూసుకున్నా, ఆమె సిగ్గుపడిందని అతనికి తెలిసిపోయింది. జీవితంలో ఏ క్లాసూ అతనికి అంత నచ్చలేదు.

"ఇగ ఎడమ చెయ్యి," అంది.

అతను చటుక్కున కళ్ళు తెరిచాడు. ఆమె అప్పటికే ఎడమ చేతి బొత్తాం విప్పుతోంది.

"వద్దు!"

మాట అతను అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది. పక్క జంట తిరిగి చూసింది. సిరీష చేయి వెనక్కి తీసుకుంది.

"ఫోన్ వస్తోంది," అని మోగని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని సాంబమూర్తి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ హాల్లోకి రాలేదు.

ఎడమ మోచేతి కింద, చొక్కా దాచినంత మేర, రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. పాలిపోయి, కాస్త పొడిబారి. నాలుగు నెలలైంది. మామూలు శిబ్బెం మచ్చేనని తనకి తానే తేల్చుకుని రెండు ట్యూబుల క్రీమ్ రాశాడు. తగ్గలేదు. ఇంకెవరికీ చూపించలేదు. ఊళ్ళో అందరి చర్మమూ చూసే డాక్టర్‌కి తన చర్మం ఇంకొకరికి చూపించాలనే తోచలేదు.

ఇంటికెళ్ళి తలుపేసుకుని దూదితో తాకి చూసుకున్నాడు. తెలిసినట్టే ఉంది. కానీ చూస్తూ తాకితే కళ్ళే జవాబు చెప్పేస్తాయి. కళ్ళు మూసుకుని తాకాడు. ఎక్కడ తాకుతోందో కుడిచేతికి ముందే తెలుసు. ఈ పరీక్ష ఎవరికి వారు చేసుకునేది కాదు.

పోయిన ఏడాది పోసవ్వ అనే కూలీ అవ్వకి ఇలాంటి మచ్చే చూసి, "గోలీలు మింగితే పోతుంది అవ్వా, ఫికర్ పడకు" అని ఎంత తేలిగ్గా చెప్పాడు! ఆ మాట ఇప్పుడు తనకి తాను చెప్పుకోబోతే నోరు రాలేదు. చెప్తే సిరీష ఏమంటుంది? కాదంటుందని ఒక భయం. జాలిపడి సరే అంటుందని అంతకంటే పెద్ద భయం. ఆ అమ్మాయిని పోగొట్టుకోవడం ఖాయమైతే, చెప్పకుండా పోగొట్టుకోవడమే నయమనుకున్నాడు.

వారమంతా మెసేజ్‌లు చూసి పక్కన పెట్టేశాడు. ఐదో గురువారం క్లాసుకి వెళ్ళలేదు.

ఆ సాయంత్రం నాలుగింటికి సీతయ్య క్యాంప్‌లో అతని పీహెచ్‌సీ ఓపీ గది గుమ్మంలో, గాలికి తిరగబడిన గొడుగుతో సిరీష ప్రత్యక్షమైంది. చున్నీ సగం తడిసింది. కోపం మాత్రం ఏమీ తడవలేదు.

"క్లాసు ఎగ్గొడతవ్. ఫోన్ ఎత్తవ్. మెసేజ్‌లకు నీలం గీతలు పడతయ్, జవాబు రాదు. బాన్సువాడ నుంచి బీర్కూర్ బస్సుల నిలబడి వచ్చిన, ఆడి నుంచి ఆటో. ఒక్కటే అడిగి పోత. నేను పట్టుకుంటే నీకు అంత కష్టమైందా?"

"అది కాదండి..."

"ఇంకోసారి అండి అన్నవంటే మంచిగుండదు."

అవునని ఒక్క మాటంటే చాలు, ఆమె వెళ్ళిపోతుంది. అతను అనుకున్నదీ అదే. కానీ తడిసిన ఆ మొహం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాడు.

"సిరీషా, నా ఎడమ చేతి మీద ఒక మచ్చ ఉంది."

ఆమె గొడుగు గోడకి ఆనించింది. కోపం ఎటు పోయిందో పోయింది. బల్ల మీది డబ్బాలోంచి దూది తీసి పేనుతూ, "కూసో. కళ్ళు మూస్కో," అంది.

అతను చొక్కా మడిచి కళ్ళు మూసుకున్నాడు. బయట రేకుల మీద వాన మోగుతోంది.

"నేను రెడీ," అన్నాడు.

ఆమె పలకలేదు.

"మొదలుపెట్టు సిరీషా."

అప్పటికీ పలకలేదు. ఉండబట్టలేక కళ్ళు తెరిచాడు. దూది కొస మచ్చ మధ్యలో ఉంది.

"ఐదోసారి," అంది ఆమె. కళ్ళ నిండా నీళ్ళు.

సాంబమూర్తి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "నువ్వు కాస్త అవతల కూర్చో."

అంతే, సిరీష భగ్గుమంది. "నువ్వు డాక్టర్‌వేనా? ఒక్క మచ్చ! ఆరు నెలల గోలీలు! పోసవ్వకు చెప్పిన ముచ్చట నాకు చెప్పినవ్ కదా, ఆమెకొక సైన్సు, నీకొక సైన్సా?" అంటూ కుర్చీ ముందుకి లాక్కుని, మచ్చ మీద తన అరచేయి పెట్టి గట్టిగా పట్టుకుంది. "నీకు తెలుస్తలేదు గాని, నేనైతే పట్టుకున్న."

"జాలితో ఏదీ వద్దు సిరీషా."

"జాలైతే ఫోన్ల చెప్పేదాన్ని, వానల రాను. నాకు నువ్వంటే ఇష్టం. అందరి ముంగట నేనే అని లేచి నిలబడ్డవు చూడు, గప్పటి సంది. పేషెంట్‌కు చేసిన తప్పు ఒప్పుకున్నోనివి, నీ మచ్చ నాకాడ దాస్తవా?"

"భయమేసింది," అన్నాడు సాంబమూర్తి. "జబ్బుకి కాదు. నువ్వు కాదంటావేమోనని. నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె తడిసిన చున్నీతోనే కళ్ళు తుడుచుకుంది. "ఇగ మీ అమ్మకు చెప్పు. నువ్వే చెప్పాలె. దాచిపెట్టి తెచ్చే సంబంధం నాకొద్దు."

బుధవారం దాకా ధైర్యం చాలలేదు. చెప్పాక నాగేశ్వరమ్మ, "పెద్దరోగమా?" అని ఒక్క మాటే అంది. అన్నం వడ్డించింది, తను తినలేదు. గురువారం పొద్దున్నే గంజి పెట్టిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, "నేనూ వస్తున్నా," అంది. బాన్సువాడ చేరేదాకా కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చుంది. ఆవిడ మనసులో ఏముందో తెలియక సాంబమూర్తి సగం చచ్చాడు.

మేడం మచ్చ చూసింది, మోచేతి దగ్గర నరం నొక్కి చూసింది, తల పంకించింది. "అదే. కానీ తొందరగా దొరికింది. ఆరు నెలలు."

నాగేశ్వరమ్మ కొంగు బిగించుకుని ముందుకొచ్చింది. "కంచం, గ్లాసు వేరు పెట్టాలా?"

"అక్కర్లేదమ్మా."

"పక్క?"

"అక్కర్లేదు."

"ఈ మందుకి నల్లబడతారట?"

"కాస్త నలుపు తిరుగుతాడు. మందు ఆపాక మెల్లగా పోతుంది."

"నలుపుకేముంది, వాళ్ళ నాన్నా నలుపే," అంది నాగేశ్వరమ్మ. అప్పుడు గానీ సాంబమూర్తికి ఊపిరాడలేదు.

మేడం మాత్రల పట్టీ చేతికిచ్చింది. "నెలకోసారి వేసుకునే మాత్రలు ఎవరో ఒకరు ఎదురుగా ఉండి మింగించాలి. అది రూలు."

"నేనుంట మేడం," అంది వెనక నుంచి సిరీష.

నాగేశ్వరమ్మ ఆమెని నిలువునా చూసింది. "గజ్జి ఫోటోల అమ్మాయివి నువ్వేనా?"

"నేనే."

"మీ ఇంట్లో ఈ సంగతి తెలుసా?"

"తెలుసు. అన్నీ చెప్పిన. మా అమ్మ ముందుగాల ఏడ్చింది. తర్వాత, గోలీలు టైముకు మింగుతడా అని అడిగింది."

నాగేశ్వరమ్మ ఇంటి నుంచి తెచ్చిన సీసా మూత తీసి గ్లాసులో నీళ్ళు పోసి, ఆ గ్లాసు కొడుక్కి కాకుండా సిరీష చేతికిచ్చింది. సిరీష అతనికి అందించింది. సాంబమూర్తి మాత్రలన్నీ ఒక్క గుక్కలో మింగేశాడు.

"సరే," అంది నాగేశ్వరమ్మ చెమర్చిన కళ్ళు ఒత్తుకుంటూ. "ఆరు నెలలు ఇద్దరూ ఓపిక పట్టండి. ఆఖరి మాత్ర మింగాక ముహూర్తం పెట్టిద్దాం."

"మొదటి గోలీ మింగిండు కదా, అత్తమ్మా," అంది సిరీష తల వంచుకుని. "ఇగ వీని నుంచి ఎవ్వలకూ అంటదు. ఆరు నెలలెందుకు?"

నాగేశ్వరమ్మ మేడం వైపు చూసింది. మేడం నవ్వు ఆపుకుంటూ అవునని తలూపింది.

"అయితే శ్రావణం దాటనివ్వను," అంది నాగేశ్వరమ్మ, సంచిలోంచి ఫోన్ తీస్తూ. "మీ అమ్మ నంబరు చెప్పు."