థార్ప్ గారికి మిగిలిన ఒక్క మాట

హేజెల్ నన్ను మొదటిసారి చూసినప్పుడు నా నోటి నుంచి వరుసగా పదకొండు బూతులు వచ్చాయి. ఆ లెక్క తనదే, నాకేం గుర్తులేదు.

ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ చేపల రేవులో పొద్దున్నే వేలం మొదలయ్యే వేళకి చర్చి తరఫున టీ బండి తెచ్చేది తను. ఆ రోజు నేను మోస్తున్న కాడ్ చేపల పెట్టె జారి నా బొటనవేలి మీద పడింది. నా ధోరణిలో నేను మొదలుపెట్టాను. తలెత్తేసరికి ఎదురుగా నీలం కోటు, చేతిలో టీ కప్పు.

"అయిపోయాయా, ఇంకా ఉన్నాయా?"

"ఇంకో రెండున్నాయి. మీరున్నారని ఆగాను."

"పదకొండయ్యాక గుర్తొచ్చిందా మర్యాద!"

నవ్వలేదు కానీ, టీలో చక్కెర ఒక చెంచా ఎక్కువ వేసింది. ఆ ఏడాదంతా అవసరమున్నా లేకపోయినా టీలు తాగాను.

వాళ్ళ నాన్న థార్ప్ గారు మెథడిస్టు చర్చిలో ప్రసంగాలు చేసే పెద్దమనిషి. ఒక ఆదివారం నన్ను ఇంటికి పిలిచారు. గంటసేపు బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. సెలవు తీసుకుని లేస్తుంటే ద్వారబంధం నెత్తికి ఠంగున తగిలింది. వచ్చేసింది ఆ మాట. అదేమిటో ఇక్కడ రాయను, మీకు తెలిసిందే.

థార్ప్ గారు కేకలేయలేదు.

"నువ్వు చెడ్డవాడివని అనను బాబూ. కానీ ఈ ఇంటికి మళ్ళీ రావద్దు."

నవంబరులో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాటలన్నీ పోయి, జన్మలో పలకని ఆ ఒక్క మాటే మిగిలింది. నీళ్ళడిగినా అదే, ప్రార్థన చేయబోయినా అదే. ఇలా జరుగుతుంటుందని, తిట్లు మెదడులో వేరే మూల ఉంటాయని డాక్టరు చెప్పాడట. చెప్పి ఏం లాభం?

హేజెల్ కిటికీ తెరలు మూసేసింది. పరామర్శకొచ్చిన చర్చివాళ్ళని గుమ్మంలోంచే పంపేసింది. టీ బండి మానేసింది. పది రోజులు చూసి, ఉండబట్టలేక నేనే వెళ్ళాను.

"ఎందుకొచ్చావు నెవిల్?"

"నీ కోసమే."

"నాన్న రావద్దన్నాడుగా. ఇంక మన సంగతి మర్చిపో. ఈ ఇంట్లోకి ఎవరూ రాకూడదు. నలభై ఏళ్ళు నిలబెట్టుకున్న పేరు ఆయనది. ఆ నోట ఆ మాట ఎవరైనా వింటే, నాన్న బతకడు."

లోపలి గదిలోంచి ఆ మాట గట్టిగా వినిపించింది. వెంటనే ఇంకోసారి. హేజెల్ కళ్ళు నిండాయి.

"పొద్దుట్నించీ నన్నే తిడుతున్నాడు. నేనేం పాపం చేశాను?"

"తిట్టడం లేదే!"

"నీకేం తెలుసు?"

"నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? రేవులో మాకదేగా భాష! ఐసు తెమ్మన్నా అదే, కాలు జాగ్రత్తన్నా అదే. మా జతగాడు విల్ఫ్ పడవతో సహా మునిగిపోయాడని కబురొస్తే, అందరం టోపీలు తీసి నిలబడి అన్నదీ అదే. ఇంకో మాట ఏదీ రాలేదు మాకు. మీ నాన్నగారిది కోపం కాదు హేజెల్. బతిమాలుతున్నారు. విను."

తను విన్నది. గదిలోకి పరుగెత్తింది, వెనకే నేను. థార్ప్ గారి చూపు కిటికీ మీద ఉంది. నేను తెర లాగాను. వెలుగు మంచం మీద పడింది. ఆయన నిట్టూర్చి, అదే మాట చాలా మెల్లగా అన్నారు.

"అది థాంక్యూ," అన్నాను.

అప్పుడు చూశారు నన్ను. ఎడమ చేత్తో నోరు మూసుకున్నారు. ఆయన కళ్ళలోని ఆ సిగ్గు చూసి నా ప్రాణం ఉసూరుమంది.

"నా ముందు మీకు సిగ్గేంటండీ! నేనెవర్ని!"

ఆ రోజు నుంచీ పని కాగానే వెళ్ళేవాణ్ణి. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నెవిల్, ఇప్పుడేమంటున్నాడు?"

"దిండు సరిగ్గా లేదట."

"ఇప్పుడు?"

"సూపులో ఉప్పు లేదట."

"నీ కల్పన!" అని తను రుచి చూసి, నోరు మూసుకుని ఉప్పు తెచ్చేది. అలాంటప్పుడు ముగ్గురం నవ్వేవాళ్ళం. అయినా ఆ మాట అన్న ప్రతిసారీ ఆయన చెయ్యి నోటి మీదికే వెళ్ళేది.

మార్చిలో ధైర్యం చేసి మంచం పక్కన నిలబడ్డాను.

"థార్ప్ గారూ, హేజెల్‌ని పెళ్ళి చేసుకోవాలని ఉంది. తనకిష్టమే. మీరు కాదంటే మాత్రం తను చేసుకోనంది. మీరేదన్నా నాకు అర్థమవుతుంది. మీ ఇష్టం."

ఆయన మంచానికి అటు పక్కనున్న కూతురి వంకే చూశారు. పెదవులు కదిలాయి. నలభై ఏళ్ళు ఎందరి పెళ్ళిళ్ళలోనో పలికిన దీవెన ఏదో కావాలి ఆయనకి. వెతుకుతున్నారు. దొరకలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి. చివరికి ఆ మాటే వచ్చింది, బరువుగా, నెమ్మదిగా. వెంటనే చెయ్యి లేచింది.

హేజెల్ ఆ చెయ్యి పట్టుకుని ఆపేసింది. ఏమన్నారని నన్ను అడగలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, తండ్రి కళ్ళలోకి చూస్తూ, బుద్ధెరిగాక ఎన్నడూ పలకని ఆ మాటని ఆయన అన్నంత నెమ్మదిగా ఆయనకి తిరిగి చెప్పింది.

థార్ప్ గారి ముఖంలో సగమే నవ్వగలిగింది. కూతురి తల మీద చెయ్యి పెట్టి, కాసేపటికి ఆ చెయ్యి నా వైపు చాచారు.