పెదాలకి సరిపోయిన మాట

"ఈ డైలాగ్ నేను చెప్పను," అంది అద్దానికి అవతల నిలబడ్డ అమ్మాయి, హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకుంటూ.

ఆమె మా స్టూడియోలో అడుగుపెట్టి అప్పటికి ఇరవై నిమిషాలు కూడా కాలేదు. ఆ డైలాగ్ రాసింది నేను. నాకెంత ఒళ్ళు మండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ముందు నా పనేమిటో చెప్పాలి. దూరదేశాల సీరియల్స్ కొని మన టీవీలో వేస్తారు కదా, అందులో వాళ్ళంతా చక్కగా మన భాష మాట్లాడుతుంటారు. ఆ మాటలు రాసేది నేనే. అర్థం కుదిరితే చాలదు. తెరమీద మనిషి నోరు ఎంతసేపు కదిలింది, ఎక్కడ మూసుకుంది అన్నది చూసి, ఆ కొలతకి సరిపోయే మాట వెయ్యాలి. అందుకే స్టూడియోలో నన్ను 'పెదాల రైటర్' అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అలవాటైపోయింది.

మైక్ బటన్ నొక్కాను. "డైలాగ్‌కి ఏమైందండీ?"

"హీరో ఈ అమ్మాయిని చెంపమీద కొట్టాడా?"

"కొట్టాడు."

"దానికి ఈవిడేమంటోంది? 'నువ్వు కొట్టినా నువ్వే నా దైవం.' చదువుతుంటేనే నాకు చెంప చుర్రుమంటోంది."

"ఒరిజినల్‌లో కూడా దాదాపు అదే ఉంది."

"అక్కడుంటే ఇక్కడా ఉండాలా? ఈ సీరియల్ మా చెల్లి చూస్తుంది. దానికి పదిహేనేళ్ళు."

"చూడండి, ఇక్కడ పది అక్షరాలు పడతాయి. పదోదాని దగ్గర నోరు మూసుకోవాలి. ఆ కొలతకి ఇంకో మాట దొరకడమంటే..."

"దొరక్కపోతే వెతకండి. జీతం దానికే కదా!"

కన్సోల్ ముందు కూర్చున్న రికార్డిస్టు బాబాయ్ కిసుక్కున నవ్వాడు. ఆయన నాకు చుట్టమేం కాదు, స్టూడియోలో అందరికీ బాబాయే. ఆ నవ్వుతో నాకు పంతం వచ్చేసింది. ఐదు నిమిషాలు గోడవైపు తిరిగి పెదాలు ఆడించుకుని, ఒక కాగితం తెచ్చి అద్దానికి ఆనించాను.

'ఇంకోసారి చెయ్యెత్తితే చూద్దాం.'

ఆమె వేళ్ళమీద లెక్కపెట్టింది. పది. చివర్లో నోరు మూసుకుంది.

"బాగానే ఉంది కానీ, తెరమీద ఆ పిల్ల ఏడుస్తోంది కదమ్మా," అన్నాడు బాబాయ్.

"కోపమొచ్చినా ఏడుపొస్తుంది బాబాయ్. నాకొస్తుంది," అని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్క టేకులో చెప్పేసింది. గొంతులో కన్నీళ్ళున్నాయి, భయం మాత్రం లేదు. ఆమెకి 'ఒకే టేకు' అని పేరు పెట్టింది నేనే. ఆ పేరు వినగానే ఆమె నావైపు ఓ చూపు చూసింది. అందులో మెచ్చుకోలు చిటికెడు, మిగతాదంతా 'ఇదేదో ముందే రాసి ఏడవచ్చుగా' అనే తిట్టు.

అలా మొదలై ఎనిమిది నెలలు కొట్లాడుకున్నాం. ఆ కొట్లాట లేని రోజు నాకు ముద్ద దిగేది కాదు.

ఒక సాయంత్రం హోరున వాన. స్టూడియో మెట్ల మీద ఇద్దరం చిక్కుకుపోయాం. ఆమె ఏదో కార్టూన్ టైటిల్ పాట కూనిరాగం తీస్తోంది, వాన కూడా దానికి తాళం వెయ్యాలన్నంత ధీమాగా.

"మీరేం చేస్తుంటారని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు?" అంది ఉన్నట్టుండి.

"మీడియాలో అని చెప్తా."

"మీడియాలో అంటే?"

"కంటెంట్."

"అబ్బో! సీరియల్‌కి మాటలు రాస్తానని చెప్పడానికి నోరు రాదా?"

"చెప్తే నవ్వుతారు."

"నవ్వనివ్వండి. నేను ఒక ఉడతకీ, రెండు కప్పలకీ గొంతిస్తున్నా. బ్యాంకు ఫారంలో వృత్తి అన్నచోట 'ఉడత' అని రాద్దామనుకున్నా, కౌంటర్లో పెద్దాయన్ని చూసి జాలేసి మానేశా."

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"చిన్నప్పుడు నాకు నత్తి. క్లాసులో పేరు పిలిస్తే 'ప్రెజెంట్' అనడానికే చెమటలు పట్టేవి. సాయంత్రం టీవీ ముందు కూర్చుని కార్టూన్లతో పాటు మాట్లాడేదాన్ని. అవి ఆగితే ఆగి, పరిగెడితే పరిగెత్తి. అలా వచ్చాయి నాకు మాటలు. పెద్దవాళ్ళు చెత్త, చెత్త అంటారే, ఆ చెత్తే నాకు నోరిచ్చింది. ఎవరైనా తీసిపారేస్తే ఊరుకోను."

నేనూ నా గోడు చెప్పుకున్నాను. నా సొరుగులో మూడు నవలలు సగంలో ఆగి ఉన్నాయి. వాటిలో ఒక్కటి పూర్తయితే, అప్పుడు నేను రచయితనని ధైర్యంగా చెప్పుకోవచ్చు. అప్పటిదాకా ఈ పని ఊరికే...

"మరి ఇప్పుడు రాస్తున్నదెవరు, మీ పక్కింటాయనా? మీ మాట వినే మా చెల్లి క్లాసులో ఒకడు జడ లాగితే లేచి నిలబడింది. అది నవల చదివి లేవలేదు. మీకే సిగ్గుగా ఉన్న పనిని ఇంకొకళ్ళు గౌరవించాలంటే ఎలా?"

వాన వెలిసేలోగా, ఆమెని ప్రేమిస్తున్నానని నాకు తెలిసిపోయింది. అంతకన్నా ఘోరం, ఆమె చెప్పింది నిజమని కూడా తెలిసిపోయింది.

ఇంట్లో మా నాన్నగారిది వేరే లెక్క. ఆయన సీరియల్ చూడరు. అమ్మ చూస్తున్నప్పుడు అదే గదిలో కూర్చుని పేపర్ చదువుతారు, అంతే. కాకపోతే హీరోయిన్ మేనత్త ఎవరితో చేతులు కలిపిందో అమ్మకన్నా ముందు ఆయనే చెప్తారు.

"ఇరవై ఏడొచ్చాయి. నీ దారేంటి?" అని అడిగారు ఒక శుక్రవారం.

"రాస్తున్నా కదా నాన్నా."

"ఎవడో నోరు కదిపితే దానికి మాట అతికించడం రాయడమేంట్రా? మీ మావయ్యతో మాట్లాడాను. బీమా ఆఫీసులో ఖాళీ ఉందిట. సోమవారం వెళ్ళి చేరు."

నా నోరు తెరుచుకుంది. కొలతకి సరిపోయే మాట ఒక్కటీ రాలేదు.

"సరే," అన్నాను.

మర్నాడు స్టూడియోలో ఆఖరి ఎపిసోడ్‌కి గైడ్ ట్రాక్ చెప్పాలి. గైడ్ ట్రాక్ అంటే, ఆర్టిస్టులు రాకముందే రైటర్ అన్ని పాత్రల మాటలూ తన గొంతుతో గబగబా చెప్పి పెట్టడం. ఆర్టిస్టులు దాన్ని చెవిలో వింటూ తమ మాట చెప్తారు. తర్వాత దాన్ని తీసేస్తారు. దాన్ని తీసేశారో లేదో కూర్చుని చూసుకోవడం కూడా రైటర్ పనే.

చివరి సీన్‌లో హీరో తండ్రి, "ఇన్నేళ్ళు ఏం సాధించావు? వచ్చి కంపెనీలో కూర్చో," అంటాడు. హీరో తలవంచి, "క్షమించండి నాన్నా, మీరు చెప్పినట్టే చేస్తాను," అంటాడు. స్క్రిప్టులో అదే రాశాను. మైక్ ముందు నిలబడి ఆ వంచిన తల చూసేసరికి నాలో ఏదో తెగిపోయింది.

"కూర్చోను నాన్నా," అన్నాను మైక్‌లో. "ఆ కుర్చీలో కూర్చుంటే మీ అబ్బాయిగానే మిగిలిపోతాను. నా పని చూసి లోకమంతా నవ్వినా అది నా పని. దానికి సిగ్గుపడి ఇన్నాళ్ళూ దాక్కున్నాను. ఇంక దాక్కోను."

తెరమీద హీరో పక్కనున్న హీరోయిన్ వైపు తిరిగాడు. నేను ఆగలేదు. "నువ్వంటే నాకిష్టం. ఈ మాట కూడా దాచుకునే తిరిగాను."

ఎంత కోపంలో ఉన్నా పని అలవాటు పోదు కదా! ప్రతి అక్షరం పెదాలకి అచ్చంగా అతికింది.

ఆదివారం ఆమె తన మాటలు చెప్పడానికి వస్తుందనీ, ఆ ట్రాక్ వింటుందనీ నాకు తెలీదా? తెలుసు. తెలిసే చెప్పాను. ఎదురుగా నిలబడి చెప్పే దమ్ము లేక, హీరో ముఖం అడ్డం పెట్టుకుని చెప్పాను. ఆదివారమంతా ఫోన్ చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. అది మోగలేదు. అంటే లేదన్నమాటే అనుకున్నాను.

సోమవారం బీమా ఆఫీసుకి వెళ్ళాను. ఫోన్ ఆపి సొరుగులో పెట్టమన్నారు, పెట్టాను. కుర్చీ మెత్తగానే ఉంది. అదే భయమేసింది, రెండేళ్ళు కూర్చుంటే బాగా అలవాటైపోయేలా ఉంది.

సాయంత్రం ఏడున్నర కావస్తుండగా టీవీలో ఆఖరి ఎపిసోడ్ చివరి సీన్‌కొచ్చింది. అమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది. నాన్నగారు పేపర్ అడ్డం పెట్టుకున్నారు. నేను గుమ్మం దగ్గర షూ విప్పుకుంటున్నాను.

"ఇదేంటి, వీడి గొంతు ఇలా అయిపోయింది? జలుబు చేసిందా?" అంది అమ్మ.

తలెత్తాను. హీరో తలవంచుకుని, నా గొంతుతో, "కూర్చోను నాన్నా," అంటున్నాడు.

ఒక షూ చేతిలోనే ఉండిపోయింది. నాన్నగారి పేపర్ నెమ్మదిగా కిందికి దిగింది. హీరో నా మాటలన్నీ ఒక్కటి వదలకుండా చెప్పేశాడు. పక్కకి తిరిగి, "నువ్వంటే నాకిష్టం," అని కూడా అనేశాడు. స్క్రిప్టు ప్రకారం ఇప్పుడు హీరోయిన్ 'నాన్నగారి మాట వినండి' అనాలి.

"ఇది చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టిందా?" అంది హీరోయిన్, ఒకే టేకు గొంతుతో. "నాకూ ఇష్టమే. ఫోన్ చేసి మాత్రం చెప్పను. వచ్చి అడుగు."

"పక్కనే నిలబడి ఫోనంటుందేంటి దీని మొహం!" అంది అమ్మ.

నాకు నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. సొరుగులోంచి తెచ్చి జేబులో పడేసిన ఫోన్ ఆన్ చేశాను. బాబాయ్ పదకొండు సార్లు చేశాడు. వెంటనే నేనే చేశాను.

"చివరి సీన్ దగ్గర హీరో ఆర్టిస్టుకి గొంతు పోయిందిరా," అన్నాడు బాబాయ్. "నువ్వు రాలేదు, ఫోనెత్తలేదు. ఆ అమ్మాయి రెండు టేకులు చెప్పింది, ఒకటి స్క్రిప్టుది, రెండోది నీ గైడ్‌కి జవాబు. 'రెండోది ఆయనకి వినిపించండి' అని చెప్పి వెళ్ళింది. నువ్వే సీన్ మార్చావేమో అనుకున్నా. పెదాలకి చక్కగా కూర్చుంది, నీ గొంతే ఉంచి పంపేశా. మార్చలేదా ఏంటి?"

గొంతులన్నీ కలిపే మిక్సింగ్‌కి నేను వెళ్ళి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. బుద్ధిగా చెప్పిన మాట విని ఆఫీసుకి వెళ్ళబట్టే, నా ఎదురుమాట ఇల్లిల్లూ తిరిగింది.

ఫోన్ పెట్టేసేసరికి సీరియల్ అయిపోయి పేర్లు పడుతున్నాయి. నాన్నగారు లేచి, కళ్ళద్దాలు సరిచేసుకుని టీవీకి జానెడు దూరంలో నిలబడ్డారు. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. నా పేరు వచ్చింది. రెండు సెకన్లు ఉంది, పోయింది.

"రోజూ పడుతుందా ఇది?" అన్నారు ఇటు తిరక్కుండానే.

"పడుతుంది నాన్నా."

"చెప్పలేదే."

"మీరు నవ్వుతారని."

ఆయన ఇటు తిరిగారు. కోపంగా లేరు. అంతకన్నా కష్టంగా ఉంది ఆ ముఖం.

"దాక్కున్నానన్నావు. నా దగ్గరా?"

"మీ దగ్గరే ఎక్కువ."

"నీ పని నాకు ఇప్పటికీ నచ్చలేదు," అన్నారాయన. "కానీ టీవీలో ఎవడి మొహమో పెట్టుకుని చెప్తే నేను వినను. చెప్పేదుంటే నీ మొహంతో చెప్పు."

షూ కింద పెట్టాను. లేచి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఈసారి అక్షరాలు లెక్కపెట్టలేదు.

"నేను రేపట్నుంచి ఆఫీసుకి వెళ్ళను నాన్నా. సీరియల్స్‌కి మాటలు రాస్తాను. మంచివి రాస్తాను. మీరు నవ్వినా రాస్తాను. మావయ్యకి నేనే చెప్తాను. ఇందాక హీరోయిన్‌కి గొంతిచ్చిన అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాను, ఒప్పుకుంటే."

ఆయన అంతా విన్నారు. "ఒప్పుకుందిగా ఇందాక!" అన్నారు. "నీకు సరిగ్గా వినపడలేదా?"

అమ్మకి అప్పుడు అర్థమైంది. రిమోట్ కిందపడేసింది.

మర్నాడు తొమ్మిదింటికి స్టూడియోలో మేనేజరు నాకోసం కాగితం టైపు చేయించి ఉంచాడు. 'అనుచితమైన మాటలు పొరపాటున ప్రసారమైనందుకు చింతిస్తున్నాను' అని ఉంది. ఛానెల్‌కి పంపాలిట.

'అనుచితమైన' అన్నది కొట్టేశాను. 'చింతిస్తున్నాను' కూడా కొట్టేశాను. కింద నా చేత్తో రాశాను: 'గైడ్ ట్రాక్ పొరపాటున వెళ్ళింది, అది నా తప్పే. ఆ మాటలు మాత్రం తెలిసే అన్నాను.' సంతకం పెట్టాను.

"ఇలాగైతే కొత్త సీరియల్ నీకివ్వను," అన్నాడు మేనేజరు.

"ఇవ్వకండి. ఇంకో స్టూడియో చూసుకుంటాను. పని మాత్రం ఇదే."

ఒకే టేకు ఎప్పుడొచ్చిందో, నా భుజం పక్కనుంచి చెయ్యి చాచి పెన్ను లాక్కుంది. కాగితం చదివి, నా సంతకం కింద తనదీ పెట్టింది.

"నీ ఉద్యోగం కూడా పోతుంది," అన్నాను.

"ఉడత ఎక్కడైనా బతుకుతుంది. ఇంతకీ నన్నేదో అడగాలిగా?"

మేనేజరు చూస్తున్నాడు. బాబాయ్ కన్సోల్ వదిలి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. నేను నా గొంతుతోనే, అందరికీ వినపడేలా అడిగాను. ఆమె అంతకన్నా గట్టిగా జవాబు చెప్పింది.

"ముందు ఆ కాగితం ఇటివ్వండి," అని గొణిగాడు మేనేజరు. "పదింటికల్లా ఛానెల్‌కి పంపాలి."